భోక్తగారి లివరు

తాడేపల్లిగూడెంలో ఎవరింట తద్దినం పెట్టినా భోక్తగా సూర్యప్రకాశశర్మగారు కూర్చోవాల్సిందే. పోయినవాళ్ల పేరున తినడం ఆయన వృత్తి. గారెలు, పరమాన్నం, పేరిన నెయ్యి. మారు వడ్డిస్తుంటే భోక్త చెయ్యి అడ్డం పెట్టకూడదు, పెడితే పితృదేవతలకు తృప్తి లేనట్టే. అలా ఊళ్లో పోయినవాళ్లందరినీ తృప్తిపరిచి, చివరికి ఆయన తన లివరు పాడుచేసుకున్నారు. మందు వాసన కూడా ఎరగని మనిషి.

ఏలూరులో డాక్టరు మర్యాదగానే చెప్పాడు. ముందు లివరుకు కొవ్వు పట్టిందని, పట్టించుకోకపోవడంతో అది గట్టిపడిపోయిందని, ఇక కేన్సర్ వచ్చే ప్రమాదం ఉంది కనుక ఆరు నెలలకోసారి స్కానింగ్ తప్పదని, చిన్నగా ఉండగా దొరికితే వైద్యం ఉందని. శర్మగారు బుద్ధిగా తలూపారు. రెండుసార్లు వెళ్లారు. గడ్డలేమీ లేవన్నారు.

ఆ రెండోసారే అక్కడ దెందులూరు వీరరాఘవమ్మ కనిపించింది. వాళ్లింట తద్దినాలకు ఏటా ఈయనే భోక్త. తాగి తాగి పొట్ట ఉబ్బిన కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఆవిడ, శర్మగారిని చూసి జాలిగా ఓ నవ్వు నవ్వింది. ఆ ఏడు వాళ్లు వేరే భోక్తను పిలిచారు.

భార్య రత్నమాలకు తల కొట్టేసినట్టయింది. లివరు జబ్బంటే లోకానికి ఒకటే అర్థమని, తాగుబోతు భోక్తను ఏ గడపలోకీ రానివ్వరని గోల పెట్టింది. మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లెక్కితే కొల్లేట్లో దూకుతానంది. ఈ ఎండలకు కొల్లేట్లో మునగాలంటే లోతు వెతుక్కోవాలని ఆయనకూ తెలుసు. అయినా ఆవిడ మాట కాదనే అలవాటు లేదు. స్కానింగులు మానేశారు. అడిగినవాళ్లకు గ్యాస్ అని చెప్పారు. తద్దినాలు మాత్రం మానలేదు.

రెండేళ్లకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. అదే డాక్టరు తెరమీద పెద్ద గడ్డ చూపించి, ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదని రత్నమాలనే అడిగాడు. వేళకు వచ్చి ఉంటే చిన్నగా ఉండగానే దొరికేదన్నాడు. ఆవిడ నేలచూపులు చూసింది.

సాయంత్రం వార్డులో, మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ, నాకైనా నిజం చెప్పండి. మీరెప్పుడైనా తాగారా?"

శర్మగారికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మాట విని చావు కొనితెచ్చుకున్నారో ఆ మనిషే అడుగుతోంది. పోయేలోగా ఒక్కసారైనా ఈవిడ గుండె కోయాలనిపించింది.

"తాగాను. నీకు తెలీకుండా, చాలా ఏళ్లు."

ఏడుస్తుందని చూశారు. ఏడవలేదు. అంతసేపూ ముడుచుకుని ఉన్న ఆ ముఖం మెల్లగా తేటపడింది. తాను స్కానింగులు మాన్పించినందుకు కాదన్నమాట, ఆయన తాగుడే ఆయన్ని తినేసింది.

"అనుకున్నానండీ" అంది, ఎన్నాళ్లుగానో లేని ప్రేమతో దుప్పటి సర్దుతూ.

ఆ తర్వాత ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లింది. తన దోషమేమీ లేదని, ఆయనే స్వయంగా ఒప్పుకున్నారని తమ్ముడితో చెబుతోంది. అబద్ధమని అరవబోయారు శర్మగారు. వచ్చిన మాట మంచం దాటలేదు. అవతల రత్నమాల ఆ ఫోను పెట్టేసి, ఇంకో చుట్టానికి కలిపింది.