ఆరుపూటల మాస్టారు

కుస్తీ మాస్టారికి ఒక గట్టి నమ్మకం ఉండేది. ఒళ్ళు పొయ్యిలాంటిది, ఆరనివ్వకుండా పుల్ల వేస్తూ ఉంటే కొవ్వు దానంతటదే కరిగిపోతుందని. అందుకే శిష్యులందరిచేతా రోజుకు ఆరుసార్లు తినిపించేవాడు. ఎవరైనా అనుమానపడితే, "నేను కుస్తీ పట్టేనాటికి నువ్వు పుట్టనేలేదు, నాకా నేర్పేది?" అని నోరు మూయించేవాడు.

ఆయన శిష్యుల్లో అందరికన్నా గట్టిది పిడుగు. ఆ పిల్ల అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. పెద్ద పోటీకి ఎంపికైంది కానీ, కొంచెం బరువు తగ్గాలి. మాస్టారు చెప్పారు కదాని ఆకలి లేకపోయినా డబ్బా తెరిచి తినేది.

పోటీనాడు తూకమెక్కింది. ముల్లు గీత దాటింది. అధికారి తల అడ్డంగా ఊపాడు. బరిలోకి దిగకుండానే ఇంటిదారి పట్టాల్సి వచ్చింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "దొంగతిండి తిన్నావు కదూ? నలుగురిలో నా పరువు తీశావు!" అని అందరూ చూస్తుండగా అరిచాడు.

వెంట వచ్చిన పిడుగు తల్లి ఊరుకోలేదు. "మీరు చెప్పింది తప్ప మెతుకు ముట్టలేదండీ! వద్దమ్మా అని ఏడ్చిన రోజున కూడా, మీ మాట మీద నేనే కుక్కాను."

పోటీల దగ్గర డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గొంతు తగ్గించి అంది: "మాస్టారూ, అదే తిండి మూడుసార్లు తిన్నా ఆరుసార్లు తిన్నా ఒళ్ళు ఖర్చుపెట్టేది దాదాపు ఒకటేనండి. ఆకలి లేకుండా తినిపిస్తే మొత్తం తిండే పెరుగుతుంది. పిల్లనని ఏం లాభం?"

తిరుగు బస్సులో పిడుగు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోవడం లేదని మాస్టారికి తెలుసు. పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చునే మొహం లేక దారంతా నిలబడే వచ్చాడు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, గడపలోనే, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"అన్నది అందరి ముందూ కదా మాస్టారూ," అంది పిడుగు, తలెత్తకుండానే.

ఆ సాయంత్రం శిష్యులందరినీ కూర్చోబెట్టాడు. "పిడుగు దొంగతిండి తినలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పింది నేను," అన్నాడు.

"మరి ఇప్పుడు ఎన్నిసార్లు తినాలండీ?" అని ముందు వరసలోంచి ఒకమ్మాయి అడిగింది.

"నాకు తెలీదు. డాక్టరమ్మను పిలిచి అడుగుదాం."

వెనక వరసలో ఉన్న పిడుగు ఆయనకేసి చూడలేదు. లేచి, సాధనకు బరిలోకి నడిచింది.