అమ్మకు వినబడేంత శుభ్రంగా

విజయనగరం గంటస్తంభం దగ్గర ఉమాపతికి స్టీలు సామాన్ల కొట్టుంది. కొట్టు తాతగారిది, గిరాకీ నాన్నగారు సంపాదించిపెట్టింది. గిటారు మాత్రం అచ్చంగా ఉమాపతి సొంతం. కాలేజీ రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఆ ఆర్కెస్ట్రా మూతపడడానికి కారణం తను కాదని ఇప్పటికీ నమ్ముతాడు. మనిషన్నాక ఏదో ఒక నమ్మకం ఉండాలి.

2015 వేసవిలో బావమరిది ఆనంద్‌కుమార్ ఒక కబురు మోసుకొచ్చాడు. విశాఖపట్నంలో ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపు గిటారు యాంప్లిఫయర్ అమ్మేస్తున్నాడట. ఆనంద్‌కుమార్ వృత్తి బీమా పాలసీలు అంటగట్టడం, ప్రవృత్తి యూట్యూబు చూసి సకల శాస్త్రాల్లో పండితుడైపోవడం. "ఇప్పుడిలాంటివి చెయ్యట్లేదు బావా, వదిలితే మళ్ళీ దొరకదు" అన్నాడు. దొరకదు అన్నమాట వింటే ఉమాపతి ఆగలేడు. గ్రైండరంత బరువున్న ఆ పెట్టె మర్నాటికి ఆటోలో ఇంటికొచ్చింది.

ఉమాపతికి ఒకే ఒక్క కోరిక ఉంది. తల్లి అప్పలనరసమ్మ చేత ఒక్కసారి 'బాగుందిరా' అనిపించుకోవాలి. ఆవిడకు చెవులు బాగున్న రోజుల్లో ఆ మాట అననేలేదు. ఇప్పుడు చెవులు మందగించాయి కనక అనకపోవడానికి మంచి కారణమే దొరికింది. చెవి మిషను కొనిస్తే, "సెవిలో కందిరీగ దూరినట్టున్నాది" అని తీసి వక్కల డబ్బాలో పడేసింది.

శుక్రవారం పొద్దున్న తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడకిష్టమైన మంగళహారతి పాట మొదలుపెట్టాడు.

"ఏట్రా, వాయిస్తన్నావా, తుడుస్తన్నావా?"

వినబడలేదన్నమాట. సౌండు పెంచాడు. సగం దాటేసరికి యాంపులోంచి పాట మాయమై బర్రుమని ఒక రొద బయల్దేరింది. అప్పలనరసమ్మ వీధి వైపు తిరిగింది.

"ఎవుడ్రా మన గుమ్మంలో లారీ వెనక్కి తీస్తన్నాడు?"

ఆనంద్‌కుమార్‌కి కబురు వెళ్ళింది. అతను వచ్చి, కళ్ళు మూసుకుని, ఆ రొద అంతా విని, తల ఊపాడు.

"ఈ బరబరే దీని అందం బావా. దీని కోసం దేశదేశాలవాళ్ళు పడి చస్తన్నారు."

"మా అమ్మకి లారీలాగ వినపడతన్నాదిరా."

"అదా! దీనికి హెడ్‌రూమ్ తక్కువ. దూలం కిందికుంటే పొడుగాటోడు లేచి నిల్చోగానే తల బొప్పి కడతాది గదా? అలగే సౌండు లేస్తన్నాది, తల కొట్టుకుంటన్నాది, పగిలిపోతన్నాది."

"అయితే దూలం పైకెత్తాలి."

"ఎత్తొచ్చు" అన్నాడు ఆనంద్‌కుమార్. ఎలాగో ఆ వీడియోలో చెప్పలేదు కాబోలు, అంతటితో ఆపి టీ అడిగాడు.

వాల్వుల సంగతి తెలిసినవాడు నరసన్నపేటలో ఒకడున్నాడని తేలింది. మైకుసెట్ల కొండబాబు. పాతికేళ్ళ కిందట జిల్లాలో ఏ పెళ్ళి పందిట్లో హారన్ మోగినా దాని వెనక కొండబాబు వాల్వు యాంపు ఉండేది. వినయం అనే జబ్బు అతనికి ఎన్నడూ సోకలేదు. ఉమాపతి బస్సులో, పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి, తీసుకెళ్ళాడు.

"వెనకాల పెద్ద వాల్వులు రెండూ ముసిలైపోనాయి. మార్సీగానే గంటలా మోగుతాది. నాను సెప్తన్నాను గదా!" అని మార్చి పంపాడు.

ఇంటికొచ్చి మోగిస్తే నిజంగానే తేడా తెలిసింది. పాత లారీ పోయి కొత్త లారీ వచ్చింది.

ఫోను చేస్తే కొండబాబుకు రోషం వచ్చింది. చెక్కపెట్టె నిండా విడిభాగాలతో తనే విజయనగరం దిగాడు. ప్లగ్గు పీకించి, వెనక పలక ఊడదీసి, ఉమాపతి తల దూర్చబోతే చేత్తో అడ్డుకున్నాడు. "సెయ్యెట్టకు బాబూ! ప్లగ్గు తీసీసినా లోపల కరెంటు కాసుకుని ఉంటాది." లోపల మిగిలిన కరెంటు దింపేసి, ఒక్కొక్క వాల్వే తీసి చూసి, గిటారు సౌండు అందరికన్నా ముందు అందుకునే చిన్న వాల్వు దగ్గర ఆగాడు. దాని మీద అనుమానం పుట్టింది. మార్చి చూద్దామంటే అదే రకం పెట్టెలో లేదు. అదే పరిమాణంలో, అదే కాళ్ళతో ఇంకోటి ఉంది. సౌండుని ఇంచుమించు వందరెట్లు పెంచే బుద్ధి మొదటిదానిదైతే, ఇది ఇరవై రెట్లకే తృప్తిపడే రకం, అంటే సౌండు తల దూలానికి తగిలేంత ఎత్తు లేవదు. తాత్కాలికంగా దాన్ని గుచ్చాడు. పన్లోపనిగా, అట్ట నలిగిన పాత స్పీకరు తీసేసి, అంతే కరెంటుకు ఇంకా గట్టిగా అరిచే మైకుసెట్టు స్పీకరు బిగించాడు.

ఉమాపతి సౌండు సగానికి పెట్టాడు. ముప్పావుకు పెట్టాడు. పగల్లేదు. తీగ మీద వేలు జారిన చప్పుడుతో సహా స్వచ్ఛంగా గది నిండిపోయింది.

"అదీ నా లెక్క!" అన్నాడు కొండబాబు, తనే కొంచెం ఆశ్చర్యంగా యాంపు వైపు చూస్తూ.

ఉమాపతి తల్లిని పిలిచి కూర్చోబెట్టాడు. ఆనంద్‌కుమార్ సెల్‌ఫోన్లో వీడియో ఆన్ చేశాడు. ఉమాపతి హారతి పాట మొత్తం వాయించాడు. అప్పలనరసమ్మ కదలకుండా ఆఖరుదాకా వింది. ముఖం విప్పారింది.

"ఇన్నాళ్ళకి ఇనపడిందిరా నాయినా!"

"ఎలాగుందమ్మా?"

"అంతా తప్పే."

వీడియో నడుస్తూనే ఉంది.

"రెండో సరణంలో గాంధారం ఎక్కడుండాలి, నువ్వెక్కడెట్టావు? తాళమేటి, సంతలో గొడ్డులాగ ఎటంటే అటు పోతన్నాది!" ఆవిడ పుట్టింది బొబ్బిలిలో, వీణలు చేసే ఇంటి పక్క వాటాలో. పొద్దస్తమానం పక్కింట్లో మెట్లు సరిచూసే చప్పుడు వింటూ పెరిగింది. ఆ చెవులకు వినికిడి తగ్గింది గాని, తప్పూ ఒప్పూ మరుపు రాలేదు.

ఉమాపతికి ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ రొదే తన మర్యాద కాపాడింది. ఆర్కెస్ట్రా సంగతి కూడా లీలగా గుర్తొచ్చింది గాని, దాన్ని వెంటనే పక్కకు నెట్టేశాడు.

"ఏముంది బావా" అన్నాడు ఆనంద్‌కుమార్ చల్లగా, "పాత వాల్వు మళ్ళీ ఎట్టీద్దాం."

సలహా బాగానే ఉంది. పాత వాల్వును దూదిలో చుట్టి ఉమాపతి చొక్కా జేబులో వేసుకున్నాడు కూడా. వారమంతా గిటారు ముట్టుకోలేదు. కొట్లో గిన్నెలు కొనడానికొచ్చినవాళ్ళు, అడక్కుండానే ధర తగ్గించాడని సంబరపడ్డారు.

తర్వాతి శుక్రవారం చూస్తే, అప్పలనరసమ్మే కుర్చీ ఈడ్చుకొచ్చి యాంపు ఎదురుగా వేసుకుంది.

"ఏరా, వాయించవేటి?"

"తప్పులొస్తన్నాయి గదమ్మా."

"వస్తే సెప్తాను. అసలు వాయించకపోతే నాకు తోచొద్దేటి?"

గిటారు తీశాడు. మొదటి లైను దాటకుండానే చెయ్యెత్తి ఆపింది. రెండుసార్లు ఆపింది. మూడోసారి విసుగొచ్చి, "అలగ కాదురా" అంటూ తనే ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది, ఊపిరి చాలడం లేదు. ఆ గాంధారం మాత్రం ఎక్కడుండాలో అక్కడే నిలబడింది. ఉమాపతి తీగల మీద చెయ్యి వేసి ఆవిడ వైపే చూశాడు.

"ఏటలగ సూస్తన్నావు? కానీ."

ఉమాపతి వాయించాడు. తప్పు వాయించాడు. ఆవిడ మొదటినుంచీ మళ్ళీ అందుకుంది.