పసుపు వెలిసిన చేప

డ్రమ్ములో నీళ్ళు తేరుకున్నాక, అప్పాయమ్మ పాత పంచెగుడ్డను మడతలు పెట్టి బకెట్ మూతికి కట్టి, చెంబుతో వడపోయడం మొదలుపెట్టింది. ఓడలరేవు నుంచి ఆటోలో వచ్చిన సముద్రపు నీళ్ళవి. ఆ వాసనకి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పుట్టింది, పెరిగింది, మొగుణ్ణి మట్టి చేసింది ఆ ఒడ్డునే. అమలాపురం వచ్చాక సముద్రం ఆమె దగ్గరికి డ్రమ్ముల్లోనే వస్తోంది.

హోటల్లో ఆమెది ఊడ్చే పని. హాల్లో గోడంత గాజుతొట్టె కట్టించినప్పుడు, సముద్రం ఒడ్డు మనిషి కదా అని దాన్నీ ఆమెకే అప్పగించారు. అప్పటిదాకా ఆమెకి తెలిసింది చేపల్ని ఎండబెట్టడం, అమ్మడం. బతికించడం ఇక్కడే నేర్చుకుంది.

తొట్టెలో ఎన్ని చేపలున్నా ఆమెకి ప్రాణం పెట్టెచేప. పెట్టెలా పలకలు తేలిన గట్టి ఒళ్ళు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుండే చిన్న నోరు. వచ్చినప్పుడు నిమ్మకాయంత ఉండేది. పసుపు ముద్ద మీద నల్లచుక్కలు. పెరిగేకొద్దీ పసుపు వెలిసిపోయి, ఒళ్ళంతా బూడిదరంగు తిరిగింది. బెదిరితే అది ఒంట్లోంచి విషం వదులుతుందని, ఆ నీళ్ళలో తనతో సహా ఏదీ మిగలదని అమ్మినవాడు చెప్పాడు. అందుకే అప్పాయమ్మ తప్ప ఎవరూ దాని జోలికి వెళ్ళరు.

"పసుప్పచ్చ చేప ఏదండీ అని కస్టమర్లు అడుగుతున్నారండి," అన్నాడు ఆ మధ్య యజమాని వీరేంద్ర.

"నేనున్నన్నాళ్ళూ దాన్ని ఉండనివ్వండి బాబూ."

"ఆయ్. మీ మాట కాదంటానా అప్పాయమ్మ గారూ?"

ఇన్నేళ్ళ కొలువులో ఆమె అడిగింది అదొక్కటే.

వడపోత అయ్యాక రొయ్యముక్క పట్టుకుని ఒంటిమీది కోటుతోనే భుజం దాకా నీళ్ళలో చెయ్యి పెట్టింది. చేప తిన్నగా వేళ్ళ దగ్గరికి వచ్చింది. వంటింటి గుమ్మంలో గిన్నెలు తోముతున్న ఇందిర నవ్వింది.

"బాబాయిని కూడా ఇలాగే పిలిచేవారా పిన్నీ?"

"ఆయనకి పిలుపెందుకే? ఆకలేస్తే చాలు, ఊళ్ళో ఎక్కడున్నా వచ్చేసేవాడు."

ఇంతలో వీరేంద్ర వచ్చి పక్కన నిలబడ్డాడు. "విశాఖపట్నంలో మనకన్నా పెద్ద తొట్టె ఉందండి. వాళ్ళు దీన్ని తీసుకెళ్తామన్నారు. గాజు మీద కొట్టే పిల్లలుండరు, సుఖంగా ఉంటాది."

"అంత దూరం బతుకుద్దా బాబూ?"

"గాలి మిషను పెట్టి తీసుకెళ్తారండి. వల వేస్తే బెదురుద్ది. మీ చేతికైతే వస్తాది."

ఇందిర తల వంచి గిన్నె గట్టిగా తోముతోంది.

పెద్ద తొట్టె అన్న మాట అప్పాయమ్మని ఒప్పించింది. బకెట్‌ను నీళ్ళలో ఒరిగించి, మూతి దగ్గర రొయ్యముక్క చూపించింది. చేప విసనకర్రల్లాంటి చిన్న రెక్కలు ఆడించుకుంటూ వచ్చింది. బకెట్ అంచు దగ్గర ఆగింది. ఆమె వేళ్ళు చూసి లోపలికి వచ్చింది.

"పోయిరా తల్లీ," అంది అప్పాయమ్మ.

మధ్యాహ్నానికి తొట్టెలో నిమ్మకాయంత కొత్త చేప తిరుగుతోంది. పసుప్పచ్చగా ఉంది.

రొయ్యపొట్టు పారబొయ్యడానికి ఆమె పెరట్లోకి వెళ్ళింది. చెత్తడబ్బా పక్కన అదే బకెట్ ఉంది. నీళ్ళు నురగలు కట్టి ఉన్నాయి. చేప పక్కకి ఒరిగి తేలుతోంది. నోరు తెరుచుకునే ఉంది.

వెనక నుంచి ఇందిర గొంతు వినిపించింది. "మీకు చెప్పొద్దన్నారు పిన్నీ. విశాఖపట్నం వాళ్ళూ లేరు, ఎవరూ లేరు."

"నీకూ ముందే తెలుసా?"

అప్పాయమ్మ హాల్లోకి నడిచింది.

వీరేంద్ర కౌంటర్లోంచి లేచి నిలబడే మాట్లాడాడు. ఆ మర్యాదకి ఎప్పుడూ లోటు లేదు. "ఒక్క చేప కోసం ఏంటండీ అప్పాయమ్మ గారూ! ఈ కొత్తదానికీ మీరే చెయ్యి అలవాటు చెయ్యాలి."

"వల వేసుంటే అది బెదిరేది బాబూ. పోరాడేది. నా చెయ్యి చూసి వచ్చింది."

పెరట్లో కొబ్బరిమొక్క మొదట్లో గొయ్యి తీసి చేపను కప్పెట్టింది. పంపు కింద మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. పెరటి తలుపు చేరేసి, బస్టాండు వైపు నడిచింది. ఇందిర పిలిచినా వెనక్కి తిరగలేదు.

ఆ తలుపు వెనక మేకుకి హోటలు వాళ్ళు ఆమెకిచ్చిన నీలం కోటు వేలాడుతోంది. దాని కుడి చెయ్యి మాత్రం భుజం దాకా ఉప్పు పట్టి, తెల్లగా, మనిషి లోపలున్నట్టే బిగుసుకుని ఉంది.