గోడ అవతలి శంకరయ్య

ముందుగా మన్నించండి. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. యాభై దాటినాక బలపం పట్టినదాన్ని, చెయ్యి నిదానం. ఒక పేజీ రాయాలంటే ఒక పూట పోతుంది. కథను మాత్రం సాగదీయను.

ఆళ్లగడ్డలో హజీరా వాళ్ల ఇంటికీ సుంకమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అది కప్పు దాకా లేవలేదు, పైన జానెడు సందు ఉంది. సుంకమ్మ పొయ్యి ఆ గోడ వారనే. పొద్దున్నే అన్నం ఉడకేసుకుంటూ ఆమె మొగుడితో కొట్లాడేది. మొగుడు శంకరయ్య చనిపోయి నాలుగేళ్లయింది. ఆయన అడిగినట్టూ, తను జవాబు చెప్పినట్టూ అన్నీ ఆమే.

"ఏందీ, చారు పల్చగుందా? కిందికి దిగొచ్చి పెట్టుకో పో, తెలుస్తాది."

హజీరా అమ్మ, నాయన కూరగాయల మార్కెట్టుకు చీకట్లోనే పోతారు. కాబట్టి ఆ మాటలు వినేది హజీరా ఒక్కతే. వింటుందని సుంకమ్మకూ తెలుసు. మన పిల్లే కదా అని గొంతు తగ్గించేది కాదు.

హజీరా డిగ్రీ అయినాక నంద్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరింది. రెండువేల మూడో నాలుగో సంవత్సరం. మధ్యాహ్నం అన్నాల వేళ దాటితే ఈగ కూడా వచ్చేది కాదు. ఊరికే కూర్చోలేక తెలుగువాళ్ల చాట్ రూములోకి దూరింది. అక్కడ ఎవరికీ సొంత పేర్లుండవు. ఈమె నల్లమలపులి. హైదరాబాదు నుంచి ఒకడు వానపాము, కడప నుంచి ఒకామె టీగ్లాసు. ఇంకా నలుగురైదుగురు.

"ఏం పులీ, ఈ పొద్దు ఏమన్నా వేట దొరికిందా?" అని వానపాము రాస్తాడు.

"వానపాములే దొరికినాయి. గాలానికి పనికొస్తాయి గానీ కడుపుకు రావు."

"వాడిని తింటే పులికి వాంతులే," అని టీగ్లాసు.

ఇట్లా కొన్నాళ్లు సాగింది. ఒకరోజు ఏమీ తోచక హజీరా సుంకమ్మ సంగతి ఎత్తింది. ఆళ్లగడ్డలో మా పక్కింట్లో సుంకమ్మత్త ఉంది, అహోబిలం జీపుల కాడ ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది, పొద్దున లేస్తే చచ్చిపోయిన మొగుడితో జగడం అని రాసింది. అవతల అందరూ విరగబడి నవ్వారు. మరుసటి రోజు ఇంకో ముక్క అడిగారు. అంతమంది తన మాట కోసం కాచుకోవడం హజీరాకు ఎన్నడూ ఎరగని సంతోషం. గోడ దగ్గర చెవి పెట్టి విని, బస్సులో కూర్చుని దానికి ఉప్పూకారం పూసి, మధ్యాహ్నానికి వడ్డించేది. విన్నది చాలకపోతే కల్పించేది కూడా. పోను పోను ఆ రూములో ఎవరు అడుగుపెట్టినా పలకరింపు ఒకటే: శంకరయ్య ఏమన్నాడు?

సుంకమ్మ పేరూ, ఊరూ మార్చాలని హజీరాకు తోచలేదు. ఆ కంప్యూటర్ పెట్టెలోని మనుషులకు కాళ్లుంటాయని అనుకోలేదు.

ఒక ఆదివారం హజీరా సెలవని ఇంట్లోనే ఉండి, సుంకమ్మ గంప పక్కన కూర్చుని పొట్లాలు చుడుతోంది. అహోబిలం పోయే జీపులు నిండుతున్నాయి. ఒక భారీ మనిషి, సంచి తగిలించుకున్న ఒక ఆడమనిషి గంప ముందర ఆగారు.

"అమ్మా, సుంకమ్మ అంటే నువ్వేనా?"

"నేనే. ఎంతకియ్యమంటావప్పా?"

ఆయన పక్కనామెను మోచేత్తో పొడిచాడు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఆగడంలేదు. "శంకరయ్య ఏమంటాండాడు ఈ పొద్దు? చారు కుదిరిందంటనా?"

సుంకమ్మ చేతిలోని డబ్బా గంపలోనే ఆగిపోయింది.

"మీకెవురు చెప్పినారు?"

"పులి చెప్పిందమ్మా, కంప్యూటర్లో. మేమంతా నీకు అభిమానులం," అంది ఆడమనిషి. ఆమె మాటలో ఎగతాళి లేదు, ముద్దుగానే అంది. "ఒక్కసారి ఆయన్ను తిట్టు, వింటాం."

వానపాము అంటే బక్కపల్చగా ఉంటాడనుకుంది హజీరా. నేనే పులిని, తప్పు నాది, ఈమెను ఏమీ అడగొద్దు అని లేచి చెప్పాల్సింది అప్పుడే. తల వంచుకుని, చుట్టిన పొట్లాన్నే విప్పి మళ్లీ చుట్టింది.

సుంకమ్మ ఇద్దరికీ శెనక్కాయలు కొలిచి పోసింది. "ఆయన ఏమీ అనలేదు నాయనా. జీపు కదుల్తాండాది, ఎక్కండి."

సాయంత్రం హజీరా గంప తానే ఎత్తుకుని సుంకమ్మ వెనకాల నడిచింది. సందు మలుపులో ఆగింది. "అత్తా, ఆ మాటలు..."

"నువ్వే చెప్పినావని తెల్సులే."

"ఆయప్ప చెప్పినాడా?"

"ఎవురూ చెప్పల్యా. నా మాటలు ఇనేది ఇద్దరే. ఒగాయన సచ్చిపోయినాడు."

హజీరాకు ఏడుపు వచ్చింది. "పొద్దు పోక చేసినానత్తా. నవ్వుకునేదానికి."

"నవ్వుకోండి. దాందేముంది. మొగుడున్నోళ్లు మొగునితో మాట్లాడితే ఎవురూ నవ్వరు." ఆమె గంప అందుకుంది. "రోంతసేపు ఇంట్లో ఆయన ఉన్నట్టుండేది. ఇంగ నోరు తెరిస్తే జీపు కాడి మొగాలు గుర్తొస్తాయి."

మరుసటి తెల్లవారి గోడ అవతల చప్పుడు లేదు. ఆ మరుసటి రోజూ లేదు. మూడో రోజు గడ్డపార దెబ్బలు వినిపించాయి. హజీరా బస్సుకు తయారైందల్లా సుంకమ్మ ఇంటికి పోయింది. గోడ వారన పొయ్యి లేదు. మసి మరక ఒక్కటే మిగిలింది. సుంకమ్మ పెరట్లో ఆ చివర, కంపచెట్ల పక్కన, కొత్త పొయ్యికి మట్టి మెత్తుతోంది. మాట్లాడినా ఏ ఇంటికీ వినపడని చోటు అది.

హజీరా చెప్పులు విడిచి, కొంగు దోపుకుని పక్కన కూర్చుంది. ఒక ముద్ద మట్టి తీసుకుంది.

సుంకమ్మ ఆ ముద్దను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని తానే మెత్తింది.

"వద్దులే. నీ బస్సు పోతాది."

హజీరా లేవలేదు, మళ్లీ మట్టి ముట్టనూ లేదు. సుంకమ్మ పెదవులు కదలడంలేదు. ఈ పిల్ల పోయేదాకా కదలవు. అది అర్థమవడానికి హజీరాకు కొంచెంసేపు పట్టింది. అర్థమైనాక చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా బయటికి నడిచింది.

ఎస్తేరు, అరవై ఏడేళ్లు, ఇప్పుడు ఉండేది బనగానపల్లె.