తింటావా, గొట్టం పట్టమంటావా?

బుడే మళ్లీ ట్యూబు పీకేశాడు.

ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం అది. పక్షవాతం వచ్చాక గుటక సరిగ్గా పడటం లేదు. నోటితో జావ పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

"ఈసారి చెయ్యి మంచానికి కట్టెయ్యాలమ్మా. తిండి పోకపోతే మనిషి నిలవడు," అంది నర్సు హెలెన్.

ఆమె తప్పేం అనలేదు. కూతురు షమాకే మనసొప్పలేదు. కట్టడమా? ఈయన్నా?

దర్శి చుట్టుపక్కల ఏ ఎద్దు మేత మానేసినా ముందు బుడేకే కబురొచ్చేది. ఏటవాలుగా కోసిన వెదురు గొట్టం చంకన పెట్టుకుని, మిరప కల్లాల ఘాటుకు తుమ్ముకుంటూ బయల్దేరేవాడు. వెనకాలే చిన్న షమా. గొట్టంలో ఉలవ కషాయం, గంజి, కాస్త నువ్వుల నూనె. మేత ముట్టని పశువుకి అలా తాపడాన్నే ఊళ్లో గొట్టం పట్టడం అంటారు. మిగతావాళ్లు ముకుతాడు బిగించి, తల పైకెత్తి గబగబా కుమ్మరించేవాళ్లు. బుడే ముందు తాడు వదులు చేయించేవాడు. అరచేతిలో ఉప్పు నాకించి, గొంతు కింద గంగడోలు నిమురుతూ "మింగు దొరా, మింగు" అనేవాడు. నాలిక ఆడితేనే గొట్టం వంచేవాడు.

ఇంట్లోనూ అదే మాట. షమా అన్నం వద్దని మూతి ముడిస్తే చాలు, "తింటావా, గొట్టం పట్టమంటావా?"

"పిల్లనీ గొడ్డునీ ఒకే గాటన కడతావేంటయ్యా!" అని తల్లి మదార్‌బీ కసిరేది. షమా పకపకా నవ్వేది. నవ్వే నోట్లో ముద్ద పడేది.

"కట్టొద్దు సిస్టర్. నేను పక్కనుంటా," అంది షమా, హెలెన్ కొత్త ట్యూబు తీస్తుంటే.

"సరే. నేను ట్యూబు తోసేటప్పుడు ఆయన గుటక వెయ్యాలి. లేకపోతే దారి తప్పుతుంది."

షమా తండ్రి మొహం మీదికి వంగింది.

"ఏం నాన్నా, తింటావా, గొట్టం పట్టమంటావా?"

బుడే కళ్లు తెరిచాడు. మూతి ఒక పక్కే కదిలింది.

"గొ... గొడ్డునా నేను?"

"గొడ్డే నయం. నీ చేతిలో ఒక్కటీ పీక్కోలేదు."

గొంతులో గురగుర. నవ్వే అది. షమా ఆ గొంతు మీద అరచెయ్యి ఆనించి కిందికి నిమిరింది. "మింగు దొరా, మింగు."

హెలెన్ ఆగింది. గొంతు కదిలింది. తోసింది. మళ్లీ కదిలింది. మళ్లీ తోసింది. ట్యూబులోకి గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, తలూపింది.

జావ పోసిన సిరంజిని షమా చేతికిచ్చింది. షమా దాన్ని ఎత్తి పట్టుకుంది. ఎంత ఎత్తితే అంత జోరు; జావ జరజరా దిగుతోంది.

బుడే మంచి చెయ్యి పైకి లేచింది. ముక్కు వైపే. షమా రెండో చెయ్యి అడ్డం పెట్టబోయింది.

ఆ చెయ్యి ట్యూబును దాటిపోయింది. కూతురి మణికట్టు పట్టుకుని, సిరంజిని కాస్త కిందికి దించింది.

"నిదా... నంగా," అన్నాడు బుడే.