అద్దంలో ఎనిమిదో రౌండు

ఆదివారం మధ్యాహ్నం కార్మినే మంగలిషాపు తలుపు మూసే ఉంటుంది, లోపల మాత్రం నలుగురు మనుషులుంటారు. మార్చనీజె ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పాత బాక్సింగ్ పోటీలు మళ్ళీ మళ్ళీ చూసి, రౌండు రౌండుకీ తమ తీర్పు తాము ఇచ్చుకోవడం ఆ నలుగురికీ పట్టుకున్న పిచ్చి. ఎప్పుడో జడ్జీలు తేల్చేసిన పోటీ, ఆ జడ్జీల్లో సగంమంది ఇప్పుడు భూమ్మీదే లేరు, అయినా వీళ్ళు వదిలిపెట్టరు.

పద్ధతులు గట్టివి. టీవీ గొంతు నొక్కెయ్యాలి. వ్యాఖ్యానం చేసేవాడు నోరు తెరిచాడంటే మన కళ్ళు పనిచెయ్యడం మానేస్తాయని ఎత్తోరే సిద్ధాంతం. బాక్సర్ల పేర్లు పలకకూడదు. ఎర్ర లాగు, తెల్ల లాగు, అంతే. ఒక్కొక్కరి ముందూ ఒక ఎర్ర గిన్నె, ఒక తెల్ల గిన్నె, పక్కవాడు తొంగిచూడకుండా అడ్డంగా అట్టముక్క. రౌండు ఎవడిదనిపిస్తే వాడి గిన్నెలో ఒక లూపిని గింజ. అవతలివాణ్ణి కింద పడేస్తే రెండు. ఉప్పునీళ్ళలో నానిన ఆ పసుపుపచ్చ గింజల్ని తీర్పు తేలకముందే ఎత్తోరే తొక్క ఊది నోట్లో వేసుకుంటాడు, అందుకని అతని గిన్నెలమీద అందరికీ అనుమానమే.

ఎత్తోరే కుర్రతనంలో రింగులో దిగినవాడు. ముక్కు చూస్తే చాలు, చెప్పక్కర్లేదు. నున్సియా రొట్టెల దుకాణం నడుపుతుంది. నలుగురిలోకీ పెద్దది, నోరు కూడా పెద్దదే. కార్మినే సంగతి తెలిసిందే, షాపు అతనిది. నాలుగోవాడు దొనాతో, కార్మినేకి బావ, బడిపిల్లల బస్సు నడుపుతాడు. కన్నంటే దొనాతోదేనని ఇన్నేళ్ళుగా మిగతా ముగ్గురూ ఒప్పుకున్న మాట. దెబ్బ తగిలిందో, చేతిమీద ఆగిందో ఒక్క చూపుతో చెప్పేవాడు. నమ్మనివాళ్ళు వెనక్కి తిప్పి నెమ్మదిగా చూస్తే అతను చెప్పిందే ఉండేది.

అలాంటివాడు ఆ ఆదివారం ఒంటరివాడైపోయాడు.

కార్మినే అట్టముక్కలు తీసి గిన్నెలు బోర్లించాడు. ముగ్గురికీ ఎర్ర లాగే గెలిచింది. దొనాతో ఒక్కడి లెక్కలో తెల్ల లాగు, అదీ మామూలు తేడాతో కాదు.

"ఒరేయ్, పోయిన వారమూ ఒక్కడివే, ఈ వారమూ ఒక్కడివే," ఎత్తోరే పడీపడీ నవ్వాడు. "ఏంట్రా, ఆ తెల్ల లాగువాడు మీ మేనల్లుడా?"

"ఎర్రవాడు కొట్టిందెక్కడ? ఊరికే మీదకొచ్చి వాటేసుకోవడమేగా!"

"వాటేసుకోవడమా! ఎనిమిదో రౌండులో వాడి పక్కటెముకలు దంచేశాడు కదరా. చూస్తున్న నాకే ఆయాసమొచ్చింది."

"ఎనిమిదా? ఎనిమిది తెల్లవాడిదే."

"తెల్లవాడు గాలిని కొట్టాడయ్యా," అంది నున్సియా. "కళ్ళజోడు పెట్టుకో. డబ్బుల్లేకపోతే చెప్పు, నేను కొనిపెడతా."

"నాకు కాదక్కా, మీ ముగ్గురికీ నేనే కొంటా. ముందు నా కాఫీ ఏదీ? అందరికీ ఇచ్చి నాకు ఎగ్గొట్టారా?"

"నీ మోచేతి పక్కనే ఉంది బావా," అన్నాడు కార్మినే. "ఎప్పుడో చల్లారిపోయింది."

ఎడమ మోచేతి పక్కనే ఉంది కప్పు. అందరూ నవ్వారు. దొనాతో కూడా నవ్వాడు, కానీ లోపల ఏదో కలుక్కుమంది.

ఇంటికి వెళ్ళేదారిలో మందుల షాపు ముందు ఆగాడు. ఎడమ కన్ను మూసి బోర్డు చదివాడు. కుడి కన్ను మూసి చదివాడు. రెండు కళ్ళతోనూ అక్షరాలు చక్కగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని రెండడుగులు వేశాడు. అప్పుడు బస్సు గుర్తొచ్చింది. పోయిన నెల ఎడమవైపు అద్దం ఏదో గోడకి రాసుకుని పగిలింది. గోడ ముందుకొచ్చిందని పెళ్ళాం అసూంతాతో జోకు వేశాడు. గోడలెక్కడైనా ముందుకొస్తాయా?

బుధవారం పొద్దున జరిగిందానికి జోకు వెయ్యడం అతని వల్ల కాలేదు. చర్చి పక్క మలుపులో బస్సు ముందుకు కదిలింది, దారి ఖాళీగా ఉంది, ఉన్నట్టుండి బానెట్ ముందు ఒక స్కూటరు! ఎడమ సందులోంచి వచ్చింది. బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక పిల్లల సంచులన్నీ దబదబా కిందపడ్డాయి. స్కూటరు మీద కుర్రాడు పచ్చిబూతులు తిట్టి వెళ్ళిపోయాడు.

నున్సియా మనవరాలు ఇలారియా ఎప్పుడూ డ్రైవరు సీటు వెనకే కూర్చుంటుంది. అది సీటు పట్టుకుని ముందుకి వంగింది.

"తాతా, ఆ అబ్బాయి నీకు కనపడలేదా? నాకు ఎప్పట్నుంచో కనపడుతున్నాడు."

"కనపడ్డాడమ్మా. కాస్త భయపెడదామని."

ఆ అబద్ధం చెప్పి దొనాతో బస్సు కదిపాడు. బడి దగ్గర పిల్లలందర్నీ దింపి, ఖాళీ బస్సులో చాలాసేపు కూర్చున్నాడు. పెళ్ళానికి చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది, డాక్టరు తలలోకి చూస్తాడు, అక్కడ ఏదైనా ఉంటే దానికో పేరు చెబుతాడు. ఆ పేరు వినడం అతనికి ఇష్టం లేదు. భయమేసింది. ఏ బాక్సర్నీ చూసి ఇంత భయపడలేదు.

ఆ భయంలోంచే ఒక వెర్రి ఆలోచన పుట్టుకొచ్చింది. ఆ పోటీలో నిజంగా తెల్ల లాగువాడే గెలిచి ఉంటే? ఆ ముగ్గురే తప్పు చూసి ఉంటే? అప్పుడు తన కళ్ళకి ఏమీ లేనట్టే. కాఫీ కప్పు, గోడ, స్కూటరు, అన్నీ ఏదో పరధ్యానం. మళ్ళీ ఒకసారి చూసి ఎనిమిదో రౌండు తెల్లవాడిదని నిరూపిస్తే చాలు. వారమంతా ఆ ఒక్క ఆశని పట్టుకుని బస్సు నడిపాడు, మలుపు మలుపుకీ మెడ విరిగేలా ఎడమకి తిరిగి చూసుకుంటూ.

ఆదివారం అందరికంటే ముందే షాపుకి వెళ్ళాడు.

"కార్మినే, పోయిన వారం పోటీ మళ్ళీ పెట్టరా. వాళ్ళు వచ్చేలోపు."

"ఓడిపోయినా బుద్ధి రాలేదన్నమాట," కార్మినే టీవీ పెట్టాడు. "ఆ గడ్డమేంటి బావా, మా అక్క ఇంట్లోకి ఎలా రానిస్తోంది? కూర్చో, నీ పోటీ నువ్వు చూసుకో, నా పని నేను చేసుకుంటా."

కుర్చీ అద్దం వైపు ఉంటుంది. టీవీ వెనక గోడకి. కార్మినే అతని మెడ వెనక్కి వంచి, నురుగు పూసి, గొంతు మీద కత్తి పెట్టాడు. ఇంక తిరిగి చూసే వీల్లేదు. అద్దంలో టీవీ బాగానే కనపడుతోంది, దొనాతో అందులోనే చూడటం మొదలుపెట్టాడు. ఎనిమిదో రౌండు.

పొడుగాటి తెల్ల లాగువాడు తాళ్ళకి ఆనుకుని ఉన్నాడు. పొట్టి ఎర్ర లాగువాడు మీదకొచ్చాడు. డొక్కలో ఒకటి. ఇంకొకటి. కాలేయం మీద ఎడంచేత్తో గట్టిగా ఇంకొకటి. తెల్లవాడి నోరు తెరుచుకుంది.

ఈ దెబ్బలు పోయిన వారం లేవు.

"ఇది వేరే పోటీ," అన్నాడు దొనాతో.

"కదలకు, కోసుకుంటుంది. అదే పోటీ."

"కాదురా. ఇందులో ఎర్రవాడు కొడుతున్నాడు."

"వాడు ఎప్పుడూ కొడుతూనే ఉన్నాడు బావా. నీకే కనపడలేదు."

దొనాతో ఊపిరి బిగబట్టాడు. పోయిన వారం ఎర్ర లాగువాడు రౌండంతా తెర ఎడమవైపు నుంచే వచ్చాడు, ఎడమవైపే నిలబడి కొట్టాడు. అద్దంలో ఎడమ కుడి అయింది. ఇప్పుడు వాడు కుడివైపు ఉన్నాడు, వాడి ప్రతి దెబ్బా కనపడుతోంది. మరి తెల్లవాడు? పోయిన వారం అంత బాగా కొట్టినవాడి చేతులు ఇప్పుడెక్కడ? ఎర్రవాడి తల వెనక్కి విరుచుకుంటోంది, దాన్ని విరుస్తున్న చెయ్యి మాత్రం కనపడటంలేదు.

చూపు టీవీ మీంచి తన మొహం మీదకి తెచ్చుకున్నాడు. ముక్కు కొననే చూశాడు. కుడి చెంప మీద నురుగుంది. ఎడమ చెంప లేదు. అక్కడ చీకటి కూడా లేదు, మసక కూడా లేదు. చెంపే కాదు, ఆ పక్కన నిలబడి గడ్డం గీస్తున్న కార్మినే కూడా లేడు. కత్తి చర్మం మీద గరగరలాడుతున్న చప్పుడు మాత్రం ఉంది. కళ్ళు అటు తిప్పాడు. కార్మినే ఉన్నాడు, కత్తి ఉంది, చెంప ఉంది. మళ్ళీ ముక్కు చూశాడు. అన్నీ పోయాయి.

చొక్కా లోపల చెమట కారింది. కేక పెట్టాలనిపించింది, గొంతు మీద కత్తి ఉంది.

"ఏంటి బావా, వణుకుతున్నావు?"

"చలి," అన్నాడు. జూన్ నెల అది.

మొహం తుడుచుకునేలోపే ఎత్తోరే, నున్సియా వచ్చేశారు. నున్సియా ఇంకా వేడిగా ఉన్న రొట్టె బల్లమీద పెట్టి, వస్తూనే మొదలుపెట్టింది.

"రేపు పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్తున్నావటగా. మా ఇలారియా రాత్రి నుంచి ఈతబట్టలు విప్పనంటోంది. పెద్ద రోడ్డు మీద జాగ్రత్తయ్యా. అక్కడ వెధవలు ఎటు నుంచి వస్తారో తెలీదు."

"అక్కడికి వాడికి కొత్తా?" అన్నాడు ఎత్తోరే. "రా, గిన్నెలు సర్దు. ఇవాళ కూడా ఒక్కడివే అయితే నీ కన్ను మ్యూజియంలో పెట్టేస్తాం."

దొనాతో తన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త పోటీ మొదలైంది. అతను తెర వైపు చూడలేదు. జేబులో చెయ్యి పెట్టి బస్సు తాళంచెవి పట్టుకున్నాడు. ఇంక రెండేళ్ళు నోరు మూసుకుంటే పెన్షను వస్తుంది. మెడ తిప్పుకుంటూ నడిపితే సరిపోతుంది. ఈ వారం నడిపాడు కదా, ఎవరికీ ఏమీ కాలేదు. రేపొక్కరోజు. రేపు గడిచాక ఆలోచిద్దాం. అలా అనుకున్న ప్రతిసారీ సీటు వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినపడింది. నాకు ఎప్పట్నుంచో కనపడుతున్నాడు తాతా. ఆ పిల్లకి కనపడే సగం తనకి లేదు. నలభైమంది పిల్లల్ని ఆ లేని సగంలోకి తోలుకెళ్ళబోతున్నాడు. తాళంచెవి అరచేతిలో గుచ్చుకునేదాకా నొక్కిపట్టాడు.

పోటీ అయిపోయింది. కార్మినే అట్టముక్కలు తీసి, వరసగా గిన్నెలు బోర్లించాడు. నున్సియావి గింజలు. కార్మినేవి గింజలు. ఎత్తోరేవి గింజలూ తొక్కలూ. దొనాతో తెల్ల గిన్నెలో ఏమీ లేదు. ఎర్ర గిన్నెలోంచి బస్సు తాళంచెవి ఠంగుమని బల్లమీద పడింది.

"ఇదెవడి ఓటురా?" ఎత్తోరే నవ్వాడు. "ఈసారి బస్సు గెలిచిందా?"

ఇంకెవరూ నవ్వలేదు.

"అది తీసుకెళ్ళి బడివాళ్ళకి ఇచ్చెయ్యి కార్మినే. ఇవాళే," అన్నాడు దొనాతో. "రేపు ఇంకెవర్నైనా చూసుకోమను. ఎనిమిదో రౌండు ఎర్రవాడిదే. నువ్వు చెప్పింది నిజం, నాకే కనపడలేదు. నాకు ఎడమవైపు ఏమీ కనపడటంలేదు. బుధవారం పిల్లలతో సహా స్కూటరు మీదకి పోయాను. వారమంతా తెలిసీ నడిపాను."

నున్సియా మొహం తెల్లబోయింది. బుధవారం తన మనవరాలు ఆ బస్సులోనే ఉంది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. దొనాతో చూసేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళిపోయిందనుకున్నాడు. వెళ్ళిపోవడంలో తప్పు లేదనుకున్నాడు.

"భయమేస్తోందిరా," అన్నాడు ఎత్తోరేతో. "చాలా భయమేస్తోంది."

ఎడమచేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. దొనాతో ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు. అక్కడ ఎవరూ లేరు. చేతికి పిండి తగిలింది, వేడిగా ఉంది, వదలటంలేదు. ఆ చెయ్యి ఎవరిదో చూడటానికి అతను మెల్లిగా, మెడ తిరిగినంతా, అటు తిరగడం మొదలుపెట్టాడు.