టార్చి పట్టుకునే మనిషి

"నువ్వు పైన దుమ్ము తుడువు చాలు, లోపలి సంగతి నీకెందుకు?" అన్నాడు వైసన్ పెళ్ళయిన కొత్తలో, కంప్యూటర్ చూపించి. పదకొండేళ్ళుగా ఎస్నాత్ ఆ మాట జవదాటలేదు. జోంబా ఊళ్ళో కాలేజీ గేటుకెదురుగా వాళ్ళది చిన్న టైపింగ్ షాపు. బోర్డు మీద వైసన్ పేరుంటుంది. పొద్దున్నే తలుపు తీసి, నడుముకి కట్టుకున్న చితెంజె గుడ్డ కొసతో పాత కంప్యూటర్ని తుడిచి, నేలకి తడిగుడ్డ పెట్టి, కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా టైపు కొట్టేది ఎస్నాత్. వైసన్ బయట కూర్చుని వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడతాడు. మాట మంచివాడే. ఆ మాట కోసమే సగం మంది వస్తారు, మిగతా సగం ఆమె వేళ్ళ కోసం వస్తారు. కానీ ఆ సంగతి ఎవరూ పైకి అనరు, ఆమె కూడా అనదు.

ఈ జూలై చలికాలంలో కంప్యూటర్ మరీ నీరసపడింది. పది పేజీలు దాటితే కదలడం మానేస్తోంది. వైసన్ లింబె పట్నం వెళ్ళి ఎవరో వాడి వదిలేసిన ర్యామ్‌లు రెండు కొనుక్కొచ్చాడు. నిన్న ఆమె బడి నుంచి పాప తియమికేని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వాటిని తనే పెట్టేశాడు. ఈ పొద్దున మీట నొక్కితే మూడు పొడుగాటి కూతలు. తెర నల్లగానే ఉండిపోయింది.

"నీ తడిగుడ్డ వల్లే! చలికాలంలో నేల కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అలాగ. కోటు తొడుక్కుని, అమ్మినవాణ్ణి నిలదీస్తానంటూ మినీబస్సెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడే తవోంగా వచ్చింది. ఆఖరి ఏడాది పిల్ల. చిల్వా చెరువు దగ్గర చేపలెండబెట్టే ఆడవాళ్ళ మీద రాసిన థీసిస్ అంతా ఈ కంప్యూటర్ లోపలే ఉంది. సాయంత్రం నాలుగింటికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది పోతుంది.

"తియమికే వాళ్ళమ్మా, ఇంకో చోట కాపీ లేదా?" అంది.

"లేదమ్మా."

"ఆయన ఎప్పుడొస్తారు?"

ఎస్నాత్ బయటికి చూసింది. చిపెరోని అనే సన్నటి చలికాలపు జల్లు. కొండ సగం కనపడటం లేదు. ఆయన వచ్చేసరికి నాలుగు దాటుతుంది. ఇన్నేళ్ళలో ఈ డబ్బా ఎన్నిసార్లు విప్పారో ఆమెకు తెలుసు. ఎవరు విప్పినా టార్చి పట్టుకున్నది తనే. "కొంచెం కుడికి, అమ్మా. కదలకు, అమ్మా" అనేవాళ్ళు. ఒక్కడూ లోపలేముందో చెప్పలేదు, కానీ కళ్ళు మూసుకుని టార్చి ఎవరు పడతారు? ముందు వైరు పీకడం, ఇనుప చట్రం ముట్టుకోవడం, ఒక్కొక్క ర్యామ్ తీసి ఒక్కొక్కటే పెట్టి చూడటం, అన్నీ చూసింది. ఇంట్లో ఉప్పెక్కువైన కూరకి దారి వెతికే మనిషికి ఇదేం బ్రహ్మవిద్య?

"తల్లీ, ఈ టార్చి పట్టుకుంటావా?" అంది.

పక్క రేకు ఊడదీసింది. నాలుగు గాళ్ళలో నాలుగు ర్యామ్‌లు. పాతవి మొదటి రెండు, కొత్తవి తరవాతవి. చివరిది సగమే దిగి వంకరగా నిలబడింది. లాగితే జారింది. వేళ్ళకి జిగట. ఆమె బొటనవేలితో రుద్ది చూసింది. తెలిసిపోయింది. గ్లిజరిన్. చలికి పాప కాళ్ళు పగలకుండా రోజూ తను రాసే సీసా. బిగుసుకున్న తాళానికి చుక్క వేసినట్టు, దిగని ర్యామ్‌కి వేసేశాడు మహానుభావుడు. కొత్తవి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ జిగటదాని నొక్కు ఇంకోదానికన్నా గోరంత పక్కకుంది. ఇది ఈ కంప్యూటర్ జాతిదే కాదు, నూనెలో ముంచినా దిగదు.

నవ్వొచ్చింది. వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పొద్దున తడిగుడ్డని తిట్టినప్పుడు నిజంగా తన తప్పేనేమోనని నేల మొత్తం పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది ఈ పిచ్చిది. తన మీద తనకే జాలేసింది.

పాప పెన్సిలు రబ్బరుతో ర్యామ్‌ల బంగారు పళ్ళు రుద్దింది. స్పిరిట్‌లో తడిపిన చితెంజె పీలికని గాళ్ళలో నుంచి మెల్లగా లాగింది. ఆరేదాకా ఆగింది. ఆ కాసేపూ ఇద్దరూ ఉడికిన చిలగడదుంప పంచుకు తిన్నారు. పాతది ఒకటి పెట్టి మీట నొక్కింది. ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది! ఆపి, వైరు పీకి, రెండోది. తరవాత కొత్తవాటిలో సరైనది. నాలుగో గాడి ఇంకా జిగటగానే ఉంటే దాన్ని ఖాళీగా వదిలేసింది. థీసిస్ తెరుచుకోగానే తవోంగా టార్చి పారేసి ఆమె మెడ చుట్టేసుకుంది.

రెండున్నరకల్లా చేపల లెక్కలు, పట్టికలు సరిచేసింది. కృతజ్ఞతల పేజీ మిగిలింది. అలాంటి పేజీలు వందలు కొట్టింది ఎస్నాత్, దేవుడికి, గురువుకి, తల్లికి, బంధువులకి.

"ఇంకో వాక్యం చేర్చాలి. మీ పేరేంటమ్మా?" అంది తవోంగా.

సరిగ్గా అప్పుడే, అమ్మినవాడు దొరక్క, తడిసిన కోటుతో వైసన్ లోపలికొచ్చాడు. వెలుగుతున్న తెర చూసి మొహం విప్పారింది. "చూశావా, నేను పెట్టినవే! కాస్త వేడెక్కాలంతే. రాసుకో తల్లీ, వైసన్ అని."

ఎస్నాత్ జిగట ర్యామ్ తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను వేళ్ళు రుద్దుకున్నాడు. చూపు నేల మీద పడింది, ఆ పొడిగా మెరుస్తున్న నేల మీదే.

"తాళానికి రాస్తాం కదా..." అని గొణిగాడు.

"తాళానికి రాస్తాం" అంది ఆమె, కోపం లేకుండానే.

తెర వైపు తిరిగింది. పదకొండేళ్ళుగా ఊరందరి పేర్లూ కొట్టిన వేళ్ళు ఒక్క క్షణం ఆగి, తరవాత ఒక్కొక్క అక్షరమే కొట్టాయి: ఎస్నాత్ నమలోంబా. పుట్టింటి పేరు. వైసన్ ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. చాలాసేపు చదివాడు, రెండే మాటలని.

"బాగుంది" అన్నాడు చివరికి, చిన్నగా.

ఆమె ప్రింట్ నొక్కి, బల్ల కింద పడిన టార్చి తీసి అతని చేతికిచ్చింది.

"నాలుగో గాడి రేపు శుభ్రం చేస్తాను. కదలకుండా పట్టుకోండి."